గుట్ట దిగి వచ్చిన పేరు: యాదగిరి

పేరు వెనక ఊరు – 7

భువనగిరి నుంచి దేవరకొండ దాకా, ఇబ్రహీంపట్నం నుంచి కల్వకుర్తి దాకా ఏ ఊరి రచ్చకట్ట దగ్గరైనా నిలబడి ‘యాదగిరీ’ అని కేకేస్తే ఒకరు కాకపోతే ఒకరు పలుకుతారు. యాభై ఏళ్లు పైబడిన వాళ్లు నలుగురు కూర్చున్న చోటైతే ఇద్దరు తల తిప్పినా ఆశ్చర్యం లేదు. యాదగిరి పలకకపోతే యాదయ్య పలుకుతాడు. అతనూ లేకపోతే యాదమ్మ ఇంట్లోంచి ‘ఎవలూ’ అంటూ బయటికొస్తుంది.

పోయిన వారం కొమురవెల్లి మల్లన్న గురించి చెప్పుకున్నాం. ఆ దేవుడి పేరు కొమురయ్యగా మారి, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నెత్తుటితో చరిత్రకెక్కిన వైనం చూశాం. ఈ వారం పాత నల్లగొండ జిల్లాలోని ఒక గుట్ట ఎక్కుదాం. దక్షిణ తెలంగాణలో మగపిల్లలకు ఇంత విస్తారంగా పేరునిచ్చిన గుట్ట మరొకటి లేదు. తల్లిదండ్రులు చెవికి ఇంపుగా ఉందని పెట్టుకున్న పేరు కాదిది. దేవుడితో ఒప్పందం చేసుకుని, మాట నిలబెట్టుకుని, రుణం తీర్చుకున్నామని చెప్పుకోవడానికి పెట్టుకున్న పేరు. అందుకే యాదగిరి అన్న పేరు చరిత్ర చెప్పాలంటే ఆ కాలపు జబ్బుల సంగతీ, పసిపిల్లల చావుల సంగతీ, రైలూ బస్సూ వచ్చిన సంగతీ చెప్పక తప్పదు.

గుట్ట మీది రుషి

యాదగిరిగుట్ట హైదరాబాద్‌కు అరవై కిలోమీటర్ల దూరంలో, వరంగల్ వెళ్లే దారికి దగ్గరగా ఉంది. స్థలపురాణం ఇలా చెబుతుంది. ఋష్యశృంగుడికీ శాంతకూ పుట్టిన యాదమహర్షి ఆంజనేయుడి అండతో ఇక్కడి గుహలో నరసింహస్వామి కోసం తపస్సు చేశాడు. స్వామి అతనికి జ్వాలా, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాలలో దర్శనమిచ్చాడు. పంచనారసింహ క్షేత్రమన్న పేరు అలా వచ్చింది. తపస్సు చేసిన రుషి పేరు మీద కొండ యాదగిరి అయింది. ఆంజనేయుడు క్షేత్రపాలకుడై నిలిచాడు.

అంటే ఈ పేరులో దేవుడి పేరు లేదు. భక్తుడి పేరు ఉంది, అతడు కూర్చున్న కొండ ఉంది. ఊళ్లో పిల్లవాడికి యాదగిరి అని పేరు పెట్టిన తల్లి, తెలిసినా తెలియకపోయినా, దేవుడి కోసం పట్టుబట్టి కూర్చున్న ఒక మనిషి పేరునే బిడ్డకు ఇచ్చింది.

నారాయణపేట వైపు చదువరులకు ఇక్కడ ఒక సందేహం రావచ్చు. వాళ్ల పొలిమేర దాటితే కర్ణాటకలో యాద్గిర్ పట్టణం వస్తుంది. అది కూడా ఒకప్పుడు నిజాం రాజ్యంలోదే. వినడానికి దగ్గరగా ఉన్నా, మన పల్లెల్లోని యాదగిరులకు ఆ ఊరితో సంబంధం లేదు. వాళ్ల పుట్టువెంట్రుకలు తీసింది భువనగిరి పక్కనున్న గుట్ట మీదనే.

ఆ భువనగిరి సంగతి కూడా చూడండి. అక్కడ ఏకశిల మీద కట్టిన కోట ఉంది. పడమటి చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరు మీద ఆ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. రాజు పేరు మోసిన ఆ గుట్ట కొన్ని కుటుంబాలకు ఇంటిపేరైంది. కొడుకుకు భువనగిరి అని పేరు పెట్టినవాళ్లు మాత్రం కనిపించరు. పక్కపక్కనే ఉన్న రెండు కొండల్లో ఒకదాన్ని జనం చిరునామాగా వాడుకున్నారు. రెండోదాన్ని ఒళ్లోకి తీసుకున్నారు.

నరసింహుడు ఉండగా యాదగిరి ఎందుకు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నరసింహస్వామి నేల. కృష్ణ ఒడ్డున మట్టపల్లి, కృష్ణలో మూసీ కలిసే చోట వాడపల్లి, సూర్యాపేట దగ్గర అర్వపల్లి, వలిగొండ దగ్గర మత్స్యగిరి, కొల్లాపూర్ దగ్గర సింగోటం, అన్నీ ఆ స్వామివే. అందుకే ఈ నేలలో నర్సింహ, నర్సయ్య, నర్సిములు, నర్సమ్మ అన్న పేర్లకు కొదవ లేదు. సాయుధ పోరాటంలో దళాలు నడిపిన భీమిరెడ్డి నర్సింహారెడ్డి, తెలంగాణ తొలి హోంమంత్రి నాయిని నర్సింహారెడ్డి, నకిరేకల్, నాగార్జునసాగర్ ఎమ్మెల్యేగా పనిచేసిన నోముల నర్సింహయ్య, ముగ్గురూ నల్లగొండ జిల్లా బిడ్డలే.

దేవుడి పేరు అంత నిండుగా ఉన్నప్పుడు కొండ పేరుతో పనేమిటి? నర్సింహ అంటే ఏ నర్సింహుడో తెలియదు. మట్టపల్లి స్వామి కావచ్చు, సింగోటం స్వామి కావచ్చు, తాత పేరే కావచ్చు. యాదగిరి అంటే ఆ సందేహం ఉండదు. ఏ గుడి మెట్లు ఎక్కి, ఏ గుండంలో మునిగి, ఎవరి ముందు మొక్కుకున్నారో ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది. పైగా ఒకే ఇంట్లో ఒకే దేవుడికి రెండు మూడు మొక్కులు తీర్చాల్సి వస్తే పెద్దోడు నర్సింహ, నడిపోడు యాదగిరి, ఆడపిల్ల యాదమ్మ అయ్యేవాళ్లు.

కొండనో ఊరినో మనిషికి పేరుగా పెట్టడం మనకు కొత్త కాదు. తిరుపతి, శ్రీశైలం, సింహాచలం, అన్నవరం, అన్నీ మగవాళ్ల పేర్లే. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో శ్రీశైలం అని పిలిస్తే మనిషి వస్తాడు. వలిగొండ చుట్టుపక్కల మత్స్యగిరి అన్న పేరు కూడా వినిపిస్తుంది. లోకంలో ఇంకెక్కడా లేదనుకోకండి. స్పెయిన్‌లో బార్సిలోనా దగ్గర మోన్సెరాట్ అనే కొండ ఉంది. దాని మీద మరియమాత మఠం ఉంది. కాటలోనియాలో తరతరాలుగా ఆడపిల్లలకు ఆ కొండ పేరు పెడుతున్నారు. మెక్సికోలో గ్వాదలూపే అన్న పేరూ అలాగే పుణ్యస్థలం నుంచి మనుషులకు వచ్చింది. మొక్కిన చోటును బిడ్డలో చూసుకోవాలన్న కోరిక భూమికి రెండు వైపులా ఒక్కటే.

మొక్కు

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో మన దేశంలో పుట్టిన ప్రతి అయిదుగురు పిల్లల్లో దాదాపు ఒకరు ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు. కలరా, మశూచి, విడవని జ్వరాలు, కాన్పుతో వచ్చే గండాలు. నిజాం రాజ్యంలో పెద్ద దవాఖానలు హైదరాబాద్‌లో ఉండేవి. మునుగోడు పల్లెలోనో, అచ్చంపేట తండాలోనో జ్వరంతో పడుకున్న పిల్లవాడికి అందేది ఊరి మంత్రసాని చేయి, ఆకు పసరు, దేవుడి పేరు.

ఆ రోజుల్లో తల్లులకు రెండు దారులుండేవి. ఒకటి, బిడ్డ మీద మృత్యువు కన్ను పడకుండా నీచమైన పేరు పెట్టడం. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, మిగిలిన పిల్లవాణ్ని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని పెంటయ్య అని పిలిచేవారు. ఆడపిల్లయితే పెంటమ్మ. రెండో దారి, బిడ్డను నేరుగా దేవుడి చేతిలో పెట్టడం. ‘సామీ, పిల్లగాడు బతికి బట్టకడితే నీ గుట్టకు తెస్త. పుట్టెంటికలు నీకే ఇస్త. నీ పేరే పెట్టుకుంట’. ఈ మూడు మాటల్లోంచే యాదగిరి పుట్టాడు.

ఇక్కడే యాదగిరిగుట్టకు ఒక ప్రత్యేకత ఉంది. ఈ స్వామిని జనం వైద్యుడిగా కొలిచారు. మందులకు లొంగని జబ్బులున్నవాళ్లు, సంతానం లేనివాళ్లు, దయ్యం పట్టిందని ఇంటివాళ్లు భయపడినవాళ్లు గుట్ట మీద మండల దీక్ష పట్టేవారు. నలభై రోజులు అక్కడే ఉండాలి. తెల్లవారక ముందే గుండంలో మునగాలి. తడిబట్టలతోనే ప్రదక్షిణలు చేయాలి. మధ్యాహ్నం ఎక్కడో సత్రం అరుగు మీద ఇంత వండుకుని తిని, సాయంత్రం మళ్లీ తిరగాలి. స్వామి కలలో కనిపించి మందు చెబుతాడని, కలలోనే కోత కోసి కుట్టు వేస్తాడని నమ్మకం. కలలో కనిపించాడంటే జబ్బు నయమైనట్టే. ఈ నమ్మకాన్ని తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. దవాఖాన లేని కాలంలో నలభై రోజుల పాటు ఒక రోగికి తోడుగా ఇంటివాళ్లు పని మానుకుని కూర్చునేలా చేసింది ఆ దీక్షే. రోగం ముందు మనిషి ఒంటరి కాకుండా చూసింది.

బతికిన బిడ్డను ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి చెవిలో చెప్పిన పేరు యాదగిరి. మూడో ఏటనో అయిదో ఏటనో కుటుంబమంతా బండి కట్టుకుని గుట్టకు పోయి, కల్యాణకట్టలో మంగలి ముందు కూర్చోబెట్టి పుట్టువెంట్రుకలు తీయించాకే ఆ పేరు పూర్తయినట్టు లెక్క. అంతదాకా అప్పు మీద ఉన్న పేరే అది.

పట్టాలు, చక్రాలు

మొక్కు ఎంత గట్టిదైనా గుట్ట దాకా పోవడానికి దారి ఉండాలి. ఈ పేరు ఒక తాలూకా దాటి రెండు మూడు జిల్లాలకు పాకడానికి రైలూ బస్సూ చేసిన సాయం తక్కువది కాదు.

సికింద్రాబాద్‌ను వాడి జంక్షన్‌కు కలిపిన నిజాం రైలు మార్గం 1874లో మొదలైంది. 1886లో పట్టాలు వరంగల్‌కు చేరాయి. 1889కి బెజవాడ దాకా బండి నడిచింది. ఈ దారి భువనగిరి మీదుగా, గుట్టకు కూతవేటులో ఉన్న రాయగిరి మీదుగా పోతుంది. అంతకుముందు సికింద్రాబాద్ నుంచి ఎడ్లబండి మీద రెండు రోజులు పట్టే ప్రయాణం ఒక పూటలోకి వచ్చింది. రాయగిరి స్టేషన్‌లో దిగి, మూట నెత్తిన పెట్టుకుని, పిల్లవాణ్ని చంకనేసుకుని నడిచిపోతే గుట్ట పాదం దగ్గరికి చేరేవారు. ఫాల్గుణంలో పదకొండు రోజుల బ్రహ్మోత్సవాలప్పుడు ఆ స్టేషన్‌లో దిగే జనమే ఈ పేరును పట్నానికి తీసుకెళ్లారు. సికింద్రాబాద్, ముషీరాబాద్ బస్తీల్లో యాదగిరులు పుట్టుకొచ్చారు.

తర్వాత రోడ్డు వచ్చింది. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రాష్ట్ర రవాణా సంస్థను ప్రారంభించింది. రైలు అందని దేవరకొండ, కల్వకుర్తి, షాద్‌నగర్ వైపు పల్లెలకు నెమ్మదిగా బస్సు చేరింది. 1950ల తర్వాత ఆర్టీసీ బస్సు ఎక్కి హైదరాబాద్ వచ్చి, అక్కడ గుట్ట బస్సు పట్టుకోవడం పేదవాడికి కూడా సాధ్యమైంది. మహబూబ్‌నగర్ జిల్లా తూర్పు తాలూకాల్లో యాదయ్యలు ఇంత మంది ఉండటానికి కారణం వెతికితే ఆ బస్సు చక్రాల జాడ కూడా దొరుకుతుంది. దూరంగా ఉన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు సత్యనారాయణ వ్రతాలు కూడా ఇక్కడే చేయించుకుని పోయేవారు. తెలుగునాట అన్నవరం తర్వాత వ్రతాలకు పేరుపొందిన చోటు ఇదే.

ఒకే పేరు, వేరువేరు పిలుపులు

యాదగిరి అన్న పేరు ఏ ఒక్క కులానికీ చెందలేదు. యాదగిరి రెడ్డి, యాదగిరి రావు, యాదగిరి గౌడ్, యాదగిరాచారి ఉన్నారు. మాదిగ, మాల వాడల్లో యాదయ్యలు ఉన్నారు. కురుమ, గొల్ల, సాలె, చాకలి, మంగలి ఇళ్లలో యాదగిరులు, యాదమ్మలు ఉన్నారు. జబ్బు కులం చూసి రాదు కాబట్టి మొక్కు కూడా కులం చూడలేదు.

కానీ పేరు అందరిదైనా పిలుపు అందరికీ ఒకటి కాలేదు. భూమి ఉన్న ఇంట్లో పుట్టిన యాదగిరి రెడ్డిని యాదగిరి రెడ్డి పటేలా అన్నారు. అదే రోజు, అదే మొక్కుతో పుట్టిన కూలివాని కొడుకు గడీ ముందు నిలబడితే ‘ఏం రా యాదిగా’ అయ్యాడు. వెట్టిచాకిరి రోజుల్లో దొర నోట నిండు పేరు వినే అదృష్టం పేదవాడికి లేదు. తల్లి గుట్ట ఎక్కి, నలభై రోజులు తడిబట్టలతో తిరిగి సంపాదించిన పేరును గడీ గుమ్మం సగానికి విరగ్గొట్టింది. తెలంగాణ చరిత్ర రాసేవాళ్లు భూమి లెక్కలు, వెట్టి లెక్కలు రాశారు. ఈ అవమానం లెక్క కూడా రాయాలి.

కాగితం మీద మాత్రం కొంత న్యాయం జరిగింది. హైదరాబాద్ రాజ్యంలో సర్కారీ భాష ఉర్దూ. భూమి రికార్డుల్లో ‘ఫలానా వల్ద్ ఫలానా’ అని తండ్రి పేరుతో కలిపి రాసే పద్ధతి. 1954–55లో తయారైన ఖాస్రా పహాణీ తెలంగాణ భూములన్నిటికీ మూలపత్రం. ఈ రోజుకీ తహసీల్దార్ కార్యాలయంలో వారసత్వ తగాదా వస్తే అందులో ఏమున్నదని అడుగుతారు. ఆ పహాణీలో యాదయ్య అన్న పేరు పట్టాదారు గడిలోనో, కాస్తుదారు గడిలోనో నిలిచిందంటే ఆ కుటుంబానికి అది ఆధారం. మొక్కుబడికి పెట్టిన పేరు భూమి హక్కుకు సాక్ష్యమైంది.

పోరులో యాదగిరి

1940లలో సంఘం వచ్చింది. ఆంధ్రమహాసభ, కమ్యూనిస్టులు ఊళ్లోకి వచ్చాక యాదిగాడు యాదగిరన్న అయ్యాడు. పిలుపు మారడం చిన్న విషయంగా తోస్తుంది కానీ, అనుభవించినవాళ్లకు అది భూమి దక్కినంత పని. 1946 నుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటానికి నల్లగొండ గుండెకాయ. ఆ పోరులో ఈ పేరు మోసినవాళ్లు ఎందరో ఉన్నారు.

వాళ్లలో జనం నాలుక మీద నిలిచినవాడు బండి యాదగిరి. బండ్లు కట్టుకుని, ఆర్భాటంగా ఊరేగే నిజాం సర్కారును నిలదీసే పాట తెలంగాణలో తెలియనివాళ్లు లేరు. ఆ పాట కట్టినవాడిగా జనం చెప్పుకునే పేరు ఆయనదే. గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గొంగడి కప్పుకుని తెర మీద ఆ పాట పాడాడు. ఆ తర్వాత అది పోరాట తరానికి మాత్రమే కాక, ప్రత్యేక తెలంగాణ ఉద్యమ తరానికి కూడా సొంతమైంది. రాజును నేరుగా ‘నువ్వు’ అని పిలిచిన ఆ పాట, యాదిగా అని పిలిపించుకున్న వాళ్లందరి తరఫున ఇచ్చిన జవాబు.

గుర్రం యాదగిరి రెడ్డి సాయుధ పోరాటంలో పాల్గొని, తర్వాత సీపీఐ తరఫున రామన్నపేట నుంచి మూడుసార్లు శాసనసభకు గెలిచారు. తెలంగాణ వచ్చాక 2014లో ఏర్పడిన తొలి శాసనసభలో ఈ పేరు రెండు రూపాల్లో కూర్చుంది. జనగామ నుంచి ముత్తిరెడ్డి యాదగిరి రెడ్డి, ఎస్సీ రిజర్వుడు స్థానం చేవెళ్ల నుంచి కాలె యాదయ్య. గడీల కాలంలో వేరువేరు పిలుపులు విన్న రెండు రూపాలకు సభలో ఒకే గౌరవం, ఒకే ‘గౌరవ సభ్యులు’ అన్న మాట.

ఇంకొక పేరు చెప్పకుండా ముందుకు పోలేను. 2010 ఫిబ్రవరి 20న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఎన్‌సీసీ గేటు దగ్గర, పోలీసులు దారి మూసిన వేళ, ఒంటికి నిప్పంటించుకున్న విద్యార్థి సిరిపురం యాదయ్య. రంగారెడ్డి జిల్లా నాగారం వాడు. తల్లిదండ్రులు లేని పిల్లవాడు. బతకాలని పెట్టే పేరు అది. ఆ పేరు మోసిన కుర్రవాడు రాష్ట్రం కోసం చనిపోవడం తెలంగాణ మరిచిపోకూడని బాధ.

పేర్ల పటం

పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, వాటి చుట్టుపక్కల మగవాళ్ల పేర్లు వింటూ పోతే ఒక పటం గీయవచ్చు. ఆ పటంలో సరిహద్దులు కలెక్టర్లు గీసినవి కావు, జాతరలు గీసినవి.

భువనగిరి, రామన్నపేట, మునుగోడు, ఇబ్రహీంపట్నం వైపు యాదగిరి, యాదయ్య. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. నార్కెట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు మీద జడల రామలింగేశ్వరుడు ఉన్నాడు. ఆ మేరలో లింగయ్యలు, రామలింగయ్యలు. కృష్ణ దిక్కుగా హుజూర్‌నగర్, మిర్యాలగూడ పోతే సైదులు, సైదయ్య, సైదిరెడ్డి. వాళ్లకు పేరునిచ్చింది జాన్‌పహాడ్ దర్గా.

పాలమూరు పడమర, దేవరకద్ర, ఆత్మకూరు వైపు తిరిగితే కురుమయ్య, కుర్మయ్య, కురుమూర్తి. ఇది చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి స్వామి పేరు. దీపావళి తర్వాత అక్కడ జాతర మొదలవుతుంది. ఆ జాతరలో స్వామికి ఉద్దాలు, అంటే పాదుకలు, వడ్డెమాన్ ఊరి నుంచి దళితులు కుట్టి తెస్తారు. ఆ ఉద్దాలను భక్తులు తలకు, వీపుకు తాకించుకుంటారు. జడ్చర్ల దగ్గర గంగాపురం చెన్నకేశవస్వామి చుట్టూ చెన్నయ్యలు, చెన్నకేశవులు. నల్లమల అంచున అచ్చంపేట, అమ్రాబాద్ వైపు మల్లయ్యలు, శ్రీశైలాలు.

ఒక పల్లెలో ఈ పేర్లన్నీ కలిసి ఉన్నాయంటే ఆ ఊరికి పెళ్లిళ్లు ఎక్కడెక్కడి నుంచి కుదిరాయో, ఏ దారుల్లో రాకపోకలు సాగాయో కూడా తెలుస్తుంది. దేవరకొండ ఊళ్లలో యాదయ్య పక్కింట్లోనే శ్రీశైలం, ఎదురింట్లో సైదులు ఉండటం ఇందుకే. మూడు దిక్కుల మొక్కులు ఆ తాలూకాలో కలుస్తాయి.

వలసపోయిన యాదగిరి

కరువు నేల కాబట్టి ఈ జిల్లాల మనుషులు ఊరు విడిచారు. పాలమూరు కూలీలు దేశంలోని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు, బొంబాయి కట్టడాలకు చెమటోడ్చారు. నల్లగొండ పద్మశాలీలు మగ్గం చేతపట్టుకుని భివండి, షోలాపూర్, సూరత్ చేరారు. వాళ్లతో ఈ పేరు కూడా పోయింది.

మహారాష్ట్రలో ఒక పద్ధతి ఉంది. సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు రాస్తారు. భివండిలో స్థిరపడ్డ యాదగిరి కొడుక్కి అక్కడివాళ్ల తీరున కొత్త పేరు పెట్టుకున్నా, బడిలో, రేషన్ కార్డులో, ఓటరు చీటీలో నడుమ యాదగిరి అని రాయక తప్పదు. కూతురి పేరులోనూ అంతే. ఆ విధంగా ఇక్కడ తగ్గిపోతున్న పేరు అక్కడ తండ్రి పేరుగా ఇంకొక తరం నిలిచింది. గల్ఫ్ దేశాలకు పోయిన తరం పాస్‌పోర్టుల్లోనూ తండ్రి పేరు గడిలో యాదయ్యే కనిపిస్తాడు.

పేరు తగ్గింది, జనం పెరిగారు

1970ల నుంచి గాలి మారింది. సినిమా, రేడియో, పట్నం చదువు వచ్చాయి. రమేష్, సురేష్, శ్రీనివాస్, మహేష్ వచ్చాయి. ఆ తర్వాత సాయి, తేజ. ఇప్పుడు నక్షత్రం అక్షరం చూసి, రెండక్షరాల్లో, ఇంగ్లీషులో రాస్తే ఎలా ఉంటుందో చూసి పెడుతున్నారు. ఈనాటి ఒకటో తరగతి హాజరుపట్టీలో యాదగిరి దొరకడం అరుదు. యాదగిరులు తాతలుగా ఉన్నారు, తండ్రులుగా తగ్గారు, మనవళ్లుగా దాదాపు లేరు.

దీనికి మంచి కారణం కూడా ఒకటి ఉంది, దాన్ని సంతోషంగా ఒప్పుకోవాలి. టీకాలు వచ్చాయి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి, కాన్పులు దవాఖానలో జరుగుతున్నాయి. బిడ్డ బతుకుతాడో లేదో అన్న భయం తగ్గింది. భయం తగ్గిన చోట అప్పు తీర్చే పేర్లూ తగ్గాయి. పెంటయ్య కనుమరుగైనందుకు ఎవరూ బాధపడనక్కర్లేదు. కానీ చాలామంది యువకులు యాదయ్య అన్న తాత పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు. పల్లెటూరి పేరని, పాత పేరని ఎవరో నవ్వుతారని వెనకాడుతున్నారు. అది మాత్రం తగదు.

గుట్టకు పోయే జనం తగ్గలేదు సుమా. తెలంగాణ ప్రభుత్వం ఆలయాన్ని పూర్తిగా కృష్ణశిలతో తిరిగి కట్టించింది. గుహలోని స్వయంభూమూర్తిని కదపకుండా చుట్టూ కొత్త ప్రాకారాలు, మండపాలు, గోపురాలు లేచాయి. 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో మూలవిరాట్టు దర్శనం మళ్లీ మొదలైంది. ఆ పనులతో పాటే 2015లో క్షేత్రానికి యాదాద్రి అని పేరు పెట్టారు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా ఏర్పడింది. బోర్డుల మీద, టికెట్ల మీద, బస్సుల మీద యాదాద్రి అని రాశారు. జనం మాత్రం ‘గుట్టకు పోతున్నం’ అనే అన్నారు. 2024 నవంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఇకపై పాత పేరు యాదగిరిగుట్టనే వాడతామని ప్రకటించారు.

గిరి అన్నా అద్రి అన్నా కొండే. అర్థంలో తేడా లేనప్పుడు జనం పాతదాన్నే ఎందుకు పట్టుకున్నారు? వాళ్ల ఇళ్లలో మనుషుల పేరు అది. నాన్న పేరు, మామ పేరు, పెద్దనాన్న పేరు. కొండ పేరు మార్చే అధికారం ప్రభుత్వానికి ఉండవచ్చు. అదే పేరు మోస్తున్న మనిషిని మార్చే అధికారం ఎవరికీ లేదు. యాదగిరిగుట్ట పేరును పదేళ్ల పాటు కాపాడింది ఆ పేరున్న మనుషులే అని నా తీర్మానం.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో యాదగిరి, యాదయ్య, యాదమ్మ ఉంటే, ఆ పేరు ఎవరు పెట్టారో, ఏ గండం దాటాక పెట్టారో, గుట్టకు ఎట్లా పోయారో అడిగి రాసిపెట్టండి. మొక్కిన తల్లులు ఎనభై దాటారు, చాలామంది వెళ్లిపోయారు. ఏ పహాణీలోనూ ఆ కథ లేదు. మీ పిల్లలకు ఆ పేరు పెట్టాలని నేను అనను. ఆ పేరు ఎందుకు పెట్టారో మీ పిల్లలకు తెలియాలని మాత్రం గట్టిగా అంటాను.

(వచ్చే వారం: జాన్‌పహాడ్ దర్గా నుంచి హిందువుల ఇళ్లకు నడిచివచ్చిన పేరు ‘సైదులు’)